కిడ్నీలో రాయి: ఆగాలా, పగలగొట్టించాలా, లేజరా, వీపులో రంధ్రమా?

మా ఇంట్లో రాళ్లకు కొదవ లేదు. బావమరిది తాడిపత్రి నుంచి బండలు తోలే లారీ డ్రైవరు, వాడి కుడి కిడ్నీలో 16 మిల్లీమీటర్ల రాయి. కడపలో ఉండే పెద్దమ్మకు కిడ్నీ లోపలంతా జింక కొమ్ములా అల్లుకున్న రాయి. అనంతపురం గుత్తి రోడ్డులో మోటార్ల వైండింగ్ షాపు నడుపుకుంటున్న నాకు 7 మిల్లీమీటర్లది, అదీ మూత్రనాళం చివర ఇరుక్కుంది. ముగ్గురికీ మూడు రకాల ఆపరేషన్లు జరిగాయి, ఎవరిది వాళ్లకు సరైనదే. అయినా మాలో ఎవరికి రాయి అని తెలిసినా చుట్టాలు చెప్పిన మాట ఒక్కటే: "మావోడికి లేజర్‌తో తీసేసినారు, నువ్వూ అదే చేయించుకోప్పా."

రాయి ఎంతుంది, ఎక్కడుంది, ఎంత గట్టిది అన్నదాన్ని బట్టి సగం నిర్ణయం దానంతట అదే అయిపోతుంది. మిగిలిన సగం మన చేతిలో ఉంటుంది. అక్కడ నేనైతే డాక్టరును మొదట అడిగేది ఇదే: రాయి పూర్తిగా పోయేదాకా మొత్తం ఎన్నిసార్లు ఆసుపత్రికి రావాలి? మొదటి బిల్లు చూసి చవక అనుకున్నది, మూడుసార్లు బెంగళూరు బస్సెక్కాక చవకగా ఉండదు.

ముందు ఇది చూసుకోండి

నొప్పితో పాటు చలిజ్వరం వస్తే, మూత్రం పూర్తిగా ఆగిపోతే, ఉన్నది ఒకటే కిడ్నీ అయితే, గర్భిణి అయితే, లేదా వాంతులతో నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే ఈ పోలికలన్నీ పక్కన పెట్టి అదే రాత్రి ఆసుపత్రికి పొండి. రాయి అడ్డుపడిన కిడ్నీలో చీము చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు డాక్టర్లు రాయి జోలికి పోరు, ముందు స్టెంటో (మూత్రనాళం లోపల పెట్టే సన్నటి గొట్టం), వీపు నుంచి గొట్టమో వేసి మూత్రం బయటికి తెప్పిస్తారు. రాయి సంగతి ఇన్ఫెక్షన్ తగ్గాక చూస్తారు. "రాయి తీయకుండా ఊరికే పైపు వేసి పంపినారు" అని గొడవ పెట్టుకునేవాళ్లను చూశాను, నిజానికి ఆ పైపే మనిషిని బతికించింది.

రిపోర్టులో ఏం చూడాలి

అల్ట్రాసౌండ్ ఒక్కటే పట్టుకుని ఆపరేషన్ ఏదో తేల్చుకోకండి. రాయి ఉందని, కిడ్నీ ఉబ్బిందని అది చెబుతుంది గానీ కొలత అటూ ఇటూ అవుతుంది, నాళం మధ్యలో ఉన్న రాయి దానికి చాలాసార్లు దొరకదు. రంగు మందు ఎక్కించకుండా కిడ్నీల నుంచి మూత్రాశయం దాకా తీసే సీటీ కేయూబీ స్కాన్‌లో అసలు లెక్క తేలుతుంది. అందులో నాలుగు సంగతులు వెతకండి.

మొదటిది సైజు. 5 మిల్లీమీటర్ల లోపువి ఎక్కువ భాగం వాటంతట అవే పడిపోతాయి. 5 నుంచి 10 మధ్యవి దాదాపు సగం మందిలో పడతాయి. 10 దాటితే ఆశ పెట్టుకోవద్దు.

రెండోది చోటు. కిడ్నీలోనే ఉందా, మూత్రనాళంలోకి దిగిందా. నాళం లోపలి దారి 3, 4 మిల్లీమీటర్లే. అందులోనూ మూడు ఇరుకు చోట్లున్నాయి, కిడ్నీ నుంచి బయలుదేరే దగ్గర, మధ్యలో రక్తనాళాలను దాటే దగ్గర, మూత్రాశయంలోకి దిగే దగ్గర. రిపోర్టులో వీయూజే అని రాస్తే ఈ చివరి మలుపే, నాది అక్కడే ఆగింది. కిడ్నీలోనే ఉన్నదైతే పై గదిలోనా కింది గదిలోనా అన్నది ముఖ్యం. కింది గదిలో పగిలిన ముక్కలు పైకి ఎక్కి బయటికి రావాలి, బావిలో పడిన బకెట్టు లాగా.

మూడోది గట్టిదనం. సీటీలో హెచ్‌యూ అని అంకె ఉంటుంది. 1000 దాటితే గట్టి రాయి, షాక్‌లకు సులభంగా లొంగదు. 500 లోపు ఉండి ఎక్స్‌రేలో కనబడకపోతే యూరిక్ యాసిడ్ రాయి కావచ్చు. మూత్రంలోని పులుపును తగ్గించే సిట్రేట్ మందుతో కరిగే అవకాశం ఉన్న రాయి అదే. మామూలుగా ఎక్కువ మందికి ఉండే కాల్షియం ఆక్సలేట్ రాయిని ఏ మందూ కరిగించలేదు.

నాలుగోది కిడ్నీ వాపు. దీనితో పాటు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే అంకె), యూరిన్ కల్చర్ (మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా అని చూసే పరీక్ష) కూడా చూడాలి. కల్చర్ చేయకుండా లేజర్‌కు తేదీ ఇచ్చే చోట కొంచెం ఆలోచించండి.

ఆగి చూడటం

చిన్న రాయి, భరించగలిగే నొప్పి, జ్వరం లేదు, క్రియాటినిన్ బాగుంది అంటే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగవచ్చు. నాళం కింది భాగంలో 5 నుంచి 10 మధ్య ఉన్న రాయికి టామ్సులోసిన్ మాత్ర ఇస్తారు, అది నాళాన్ని సడలిస్తుంది. లేచి నిలబడితే కళ్లు తిరగడం, మగవాళ్లకు వీర్యం బయటికి రాకపోవడం దీనివల్ల జరగవచ్చు. మందు ఆపితే సర్దుకుంటుంది. ముందే ఎవరూ చెప్పక రెండోదాని గురించి భయపడి మందు మానేసిన కుర్రాళ్లున్నారు.

ఇక కొండపిండి ఆకు, అరటి దూట రసం, ఉలవల కషాయం. మా అమ్మ నాకు మూడూ పోసింది. పేరులోనే కొండను పిండి చేస్తానంటుంది కాబట్టి కొండపిండి మీద మనవాళ్లకు నమ్మకం జాస్తి. నా అభిప్రాయం ఏమంటే, 4 మిల్లీమీటర్ల రాయి ఎలాగూ పడిపోయేదే, కషాయంతో పాటు తాగిన నీళ్లకు పేరు రాకుండా ఆకుకు పేరొచ్చింది. తాగితే తాగండి, కానీ స్కాన్ తేదీ దాటనివ్వకండి. బీరు తాగితే రాయి పడుతుందన్నది మాత్రం తాగేవాళ్లు పుట్టించిన వైద్యం.

ఇక్కడ మనవాళ్లు చేసే పెద్ద తప్పు ఒకటుంది. నొప్పి తగ్గింది కాబట్టి రాయి పోయిందనుకుంటారు. అడ్డం అలాగే ఉండి నొప్పి మాత్రం ఆగిపోవచ్చు, నెలల తరబడి కిడ్నీ చప్పుడు లేకుండా దెబ్బతింటుంది. రాయి చేతిలో పడితే సరే, పడకపోతే మళ్లీ స్కాన్ తీయించాల్సిందే. నేను మూడు వారాలు ఆగాను, ఒక మిల్లీమీటర్ కూడా జరగలేదు.

షాక్‌వేవ్‌లతో పగలగొట్టడం

ఈఎస్‌డబ్ల్యూఎల్ అంటారు. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి మనిషికి చేశారు. కోత లేదు, లోపలికి గొట్టం పోదు, బయటి నుంచి తరంగాలు రాయి మీద గురిపెట్టి గంటలోపు కొడతారు, చాలామంది అదే రోజు ఇంటికొస్తారు. వినడానికి ఇంతకంటే మంచిది లేదనిపిస్తుంది.

చిక్కేమంటే రాయి పగిలాక ముక్కలు మనమే పోసుకోవాలి. అది వారాలు పడుతుంది, మధ్యలో నొప్పి రావచ్చు, ఒక్కోసారి ముక్కలన్నీ నాళంలో వరుసగా ఇరుక్కుని మళ్లీ అడ్డం పడతాయి. గట్టి రాయి అయితే ఒక సిట్టింగ్ చాలదు. లావుగా ఉన్నవాళ్లకు చర్మం నుంచి రాయి దాకా దూరం 10 సెంటీమీటర్లు దాటితే తరంగం బలం తగ్గిపోతుంది. గర్భిణులకు చేయకూడదు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు అవి ఆపకుండా చేయరు.

కిడ్నీ పై గదిలోనో మధ్యలోనో 1 నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల మెత్తటి రాయి ఉండి, మిషన్ ఉన్న ఊరికి దగ్గర్లో ఉండి, మత్తు అంటే భయపడే సన్నటి మనిషికి ఇది బాగుంటుంది. మిగతావాళ్లకు నేను చెప్పను.

మూత్రం దారిలో నుంచి పోయి తీయడం

యూఆర్‌ఎస్. సన్నటి దుర్బిణీని మూత్రం దారి గుండా నాళంలోకి పంపి, లేజర్‌తో రాయిని పొడి చేసి ముక్కలు లాగేస్తారు. కోత ఉండదు. వెన్నులో మత్తు సూది ఇచ్చి గానీ, పూర్తి మత్తుతో గానీ చేస్తారు. ఒకరోజు ఉంటే చాలు. నాళం కింది భాగంలోని రాళ్లకు పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఒక్కసారితో పని అయిపోతుంది. నాకు ఇదే చేశారు, మూడోరోజు షాపులో కూర్చున్నాను, కాకపోతే కూర్చోవడమే, మోటార్లు ఎత్తలేదు.

వంగే దుర్బిణీ, ఆర్‌ఐఆర్‌ఎస్

అదే దారి, కానీ ఈ దుర్బిణీ వంగుతుంది కాబట్టి కిడ్నీ లోపలి గదుల్లోకీ పోగలదు. 2 సెంటీమీటర్ల లోపు కిడ్నీ రాళ్లకు ఇప్పుడు ఎక్కువగా దీన్నే చెబుతున్నారు. దుర్బిణీ ఖరీదైనది, త్వరగా పాడవుతుంది, అందుకే బిల్లు కూడా పెద్దది. రెండు సంగతులు ముందే అడిగి పెట్టుకోండి. ఒకటి, నాళం ఇరుకుగా ఉంటే మొదటిరోజు స్టెంట్ మాత్రమే వేసి, రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మంటారు, అంటే మత్తు రెండుసార్లు. రెండు, రాయి పెద్దదైతే పొడి పూర్తిగా బయటికి రాక మిగిలిపోవచ్చు.

2 సెంటీమీటర్లు దాటిన రాయికి కూడా "కోత లేకుండా చేస్తాం" అని ఊరిస్తే, ఎన్ని విడతల్లో అని అడగండి. మూడు విడతలు అంటే నేనైతే తర్వాతి పద్ధతికే పోతాను.

వీపులో చిన్న రంధ్రం, పీసీఎన్‌ఎల్

నడుము పక్కన సెంటీమీటర్ అంత రంధ్రం చేసి నేరుగా కిడ్నీలోకి పోయి రాయిని పగలగొట్టి తీస్తారు. మినీ పీసీఎన్‌ఎల్ అంటే రంధ్రం ఇంకా చిన్నది. 2 సెంటీమీటర్లు దాటిన రాళ్లకు, కొమ్ములా అల్లుకున్న రాళ్లకు మొదటి మాట ఇదే. పెద్ద రాయి కూడా చాలావరకు ఒక్క విడతలోనే పోతుంది, ఇదీ దీని బలం. రక్తస్రావం దీని బలహీనత. వందలో కొద్దిమందికి రక్తం ఎక్కించాల్సి రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజులు ఆసుపత్రి, తర్వాత మూడు నాలుగు వారాలు బరువులు ఎత్తకూడదు.

పెద్దమ్మ "వీపు పొడుస్తారంట" అని ఆరు నెలలు వాయిదా వేసింది. చివరికి చేయించుకున్నాక, సిజేరియన్ కోతతో పోలిస్తే ఇది ముల్లు గుచ్చుకున్నట్టే అంది.

కడుపు కోసి తీసే పాత ఆపరేషన్ ఇప్పుడు బాగా అరుదు. ఎవరైనా మొదటే అది చెబితే ఇంకో యూరాలజిస్టుకు చూపించండి.

ఒక చూపులో

| పద్ధతి | ఎలాంటి రాయికి | మత్తు, ఆసుపత్రిలో రోజులు | తిరుగుడు | ఎక్కడ బెడిసికొడుతుంది |
|---|---|---|---|---|
| ఆగడం, మందులు | నాళంలో 10 మి.మీ. లోపు | ఏమీ లేదు | మళ్లీ స్కాన్‌కు రెండు మూడుసార్లు | నొప్పి పోయిందని స్కాన్ మానేస్తే |
| షాక్‌వేవ్ | కిడ్నీలో 2 సెం.మీ. లోపు, మెత్తటిది | నొప్పి మందు, అదే రోజు ఇంటికి | సిట్టింగ్‌లు పెరగవచ్చు | గట్టి రాయి, కింది గది, లావు మనిషి |
| యూఆర్‌ఎస్ | నాళంలోని రాయి | మత్తు, ఒకరోజు | స్టెంట్ వేస్తే తీయడానికి ఇంకోసారి | స్టెంట్ ఇబ్బంది |
| ఆర్‌ఐఆర్‌ఎస్ | కిడ్నీలో 2 సెం.మీ. లోపు | మత్తు, ఒకటి రెండు రోజులు | రెండు, ఒక్కోసారి మూడుసార్లు | ఇరుకు నాళం, ఖర్చు, ఇన్ఫెక్షన్ |
| పీసీఎన్‌ఎల్ | 2 సెం.మీ. పైన, కొమ్ము రాయి | మత్తు, రెండు నుంచి నాలుగు రోజులు | చాలామందికి ఒక్కసారితో సరి, స్టెంట్ వేస్తే ఇంకోసారి | రక్తస్రావం |

స్టెంట్ గురించి కొంచెం ఎక్కువే రాస్తాను

ఎందుకంటే మా బావమరిదికి దీనివల్లే దెబ్బ తగిలింది. ఆర్‌ఐఆర్‌ఎస్ అయ్యాక లోపల డీజే స్టెంట్ పెట్టారు. రెండు చివర్లా కొక్కెంలా వంగిన మెత్తటి గొట్టం అది, ఒక చివర కిడ్నీలో, ఇంకో చివర మూత్రాశయంలో ఉంటుంది. నాళం వాచినా మూత్రం దిగడానికి పెడతారు. పెట్టినట్టు ఆసుపత్రిలో వాడికి ఎవరూ నోటితో చెప్పలేదు, డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో ఒక లైను రాశారంతే. వాడు లారీ ఎక్కేశాడు. మాటిమాటికీ మూత్రం, పోసేటప్పుడు నడుములో పోటు, ఎక్కువ దూరం తోలిన రోజు ఎర్రగా రావడం. "వేడి చేసిందిలే బావా" అని సబ్జా గింజలు తాగుతూ ఏడు నెలలు గడిపాడు. తీరా చూస్తే స్టెంట్ మీదే కొత్తగా రాయి పేరుకుంది, దాన్ని తీయడానికి మళ్లీ మత్తిచ్చి లేజర్ పెట్టాల్సి వచ్చింది.

స్టెంట్‌ను మామూలుగా కొద్ది వారాల్లో తీసేస్తారు, చాలా రకాల స్టెంట్లను మూడు నెలలు దాటనివ్వకూడదు. అది ఉన్నన్నాళ్లూ మూత్రం తొందర, కొద్దిగా రక్తం, నడుము పోటు సహజమే, జ్వరం మాత్రం సహజం కాదు. కాబట్టి ఆపరేషన్ బల్ల ఎక్కకముందే అడగండి: స్టెంట్ వేస్తారా, ఏ తేదీన తీస్తారు, తీసే డబ్బు ప్యాకేజీలో కలిసిందా, మా ఊళ్లో వేరే యూరాలజిస్టు దగ్గర తీయించుకోవచ్చా? ఆ తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాయండి.

ఎవరికి ఏది

డ్రైవర్లు, కూలీలు, రోజు పోతే పూట పోయేవాళ్లు: షాక్‌వేవ్ చవకగా కనబడుతుంది గానీ ముక్కలు ఎప్పుడు పడతాయో తెలియదు, నొప్పి ఘాట్ రోడ్డులో రావచ్చు. ఒక్కసారితో తేలిపోయేదే మీకు లాభం.

కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు: కడప, రాజంపేట, రాయచోటి వైపు ఇది మామూలు విషయమే. ఊళ్లో దిగిన మొదటి వారమే స్కాన్ తీయించండి. చివరి వారంలో ఆపరేషన్ చేయించుకుని లోపల స్టెంట్‌తో విమానం ఎక్కితే అక్కడ తీయించుకోవడం వేరే కథ. స్టెంట్ తీసే తేదీ తిరుగు టికెట్ కంటే ముందు పడాలి, పడదంటే, రాయి ఆగగలిగేదైతే, వచ్చే సెలవు దాకా ఆపడం గురించి డాక్టరుతో మాట్లాడండి.

గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మందు వాడే పెద్దవాళ్లు: ఆ మందు ఆపకుండా చేయగలిగే అవకాశం దుర్బిణీ పద్ధతుల్లోనే ఎక్కువ. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరు చెప్పాలి, మీరు సొంతంగా మానేయకండి.

వేరే పరీక్షలో ఊరికే బయటపడిన 4, 5 మిల్లీమీటర్ల కిడ్నీ రాయి, నొప్పి లేదు, వాపు లేదు: ఏమీ చేయించుకోకండి. ఏడాదికోసారి స్కాన్ చాలు. దీనికి కూడా లేజర్ ప్యాకేజీ చెప్పేవాళ్లున్నారు, జాగ్రత్త.

ఎక్కడ

ప్రభుత్వం వైపు అనంతపురం, కర్నూలు సర్వజన ఆసుపత్రులు, కడప రిమ్స్ ఉన్నాయి. పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో 1991లో మొదలైన సత్యసాయి ఆసుపత్రిలో యూరాలజీ విభాగం ఉంది, వైద్యం ఉచితం, కానీ వరుసలో ఆగే ఓపిక ఉండాలి, ఎమర్జెన్సీకి దాన్ని నమ్ముకోకూడదు. ప్రైవేటులో అయితే ముందు ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద మీకు చెప్పిన ఆపరేషన్ వస్తుందా, ఆ పేరుతోనే వస్తుందా అని అడగండి.

బెంగళూరు, హైదరాబాద్, తిరుపతి పోవాలా అంటే, నాళంలో రాయికి అక్కర్లేదు, యూఆర్‌ఎస్ ఇక్కడే బాగా చేస్తున్నారు. కొమ్ము రాయి, పుట్టుకతో తేడాగా ఉన్న కిడ్నీ, ఒకే కిడ్నీ, పిల్లల కేసు అయితే పోండి. అక్కడ కూడా ఆసుపత్రి పేరు కంటే, ఈ ఆపరేషన్ ఆ డాక్టరు వారానికి ఎన్ని చేస్తారన్నది అడగండి.

తీసిన రాయిని పారేయకండి

ఐదు నుంచి పదేళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ వస్తుంది. బోరు నీళ్ల ఉప్పదనాన్ని తిడతాం గానీ, ఈ ఎండల్లో చెమటకు పోయినంత నీళ్లు తాగకపోవడమే పెద్ద కారణం. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి, దానికి మన వేసవిలో నాలుగు లీటర్ల దాకా తాగాల్సి రావచ్చు. పాలు, పెరుగు మానకండి, అన్నంతో పాటు తిన్న కాల్షియం పాలకూరలోని, శెనక్కాయల్లోని ఆక్సలేట్‌ను కడుపులోనే పట్టేస్తుంది. తగ్గించాల్సింది ఉప్పు, అంటే ఊరగాయ. నిమ్మకాయ నీళ్లు మంచివి, ఉప్పు వేయకుండా.

ముక్కను చిన్న డబ్బాలో పెట్టి ల్యాబ్‌కు పంపమని అడగండి. నాది కాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది, నీళ్లూ ఉప్పూ చూసుకుంటే చాలన్నారు. పెద్దమ్మది ఇన్ఫెక్షన్ వల్ల పెరిగే రకం, లోపల చిన్న ముక్క మిగిలినా మళ్లీ కొమ్ములు వేస్తుందట. అందుకే ఆమెకు మూడు నెలలకోసారి యూరిన్ కల్చర్ రాశారు. ఈ నెల పదో తేదీన ఉంది, కడపకు నేనే పోయి తీసుకెళ్లాలి.